వెనుక నుంచి తోసిన చెయ్యి

 

2023 జూలైలో మన పల్నాడులోనే, నరసరావుపేట మండలం మోపువారిపాలెంలో, సినీ నటుడు సూర్య పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతుండగా ఇనుప చువ్వ కరెంటు తీగలకు తగిలి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత మనందరిదీ. అక్కడ అభిమానం ఆ పిల్లల ప్రాణాలనే తీసింది. జనసమూహంలో మన అభిమానం హద్దు మీరితే పోయేది పక్కవాడి ప్రాణం.

2023 నవంబరు 25న కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో సంగీత కచేరీ జరగవలసి ఉంది. జనం ఒక్కసారిగా లోపలికి తోసుకురావడంతో మెట్ల మీద ఉన్నవారు పడిపోయారు. నలుగురు మరణించారు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డే రాక్ సంగీతోత్సవంలో వేదిక ముందు నలిగి తొమ్మిదిమంది యువకులు ప్రాణాలు కోల్పోయారు.

ఇలాంటి చోట్ల ఎంతోమంది నిలబడినచోటే ఛాతీ మీద ఒత్తిడితో ఊపిరాడక చనిపోతారు. జనం ఎటు తోస్తే అటు కొట్టుకుపోవడం కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళినవారికి తెలిసిందే. వెనుక ఉన్నవాడికి ముందు ఏం జరుగుతోందో కనబడదు. నేనొక్కణ్ణి తోస్తే ఏమవుతుందిలే అనుకుంటాడు. వందమంది అలాగే అనుకుంటే ముందున్న బిడ్డకు ఊపిరి ఆగిపోతుంది.

పాట కచేరీల గురించి ధర్మం ఏమంటుందో ఉలమా ఎన్నోసార్లు చెప్పారు. ఈ రోజు నా మాట అది కాదు. ఎక్కడికి వెళ్ళినా హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మనుషుల హక్కులు, మన వెంటే వస్తాయి. టిక్కెట్టు కొన్నంత మాత్రాన అవి గేటు బయట ఆగిపోవు. అల్లాహ్ పట్ల చేసిన పాపానికి తౌబా ఉంది. మనిషికి చేసిన అన్యాయం మాత్రం ఆ మనిషి క్షమిస్తేగాని తీరదు. చీకట్లో, వేలమందిలో ఎవరిని తోశామో మనకే తెలియదు. మరి ఎవరి గుమ్మానికి వెళ్ళి క్షమాపణ అడుగుతాం? ఇక్కడ తీరని లెక్క ప్రళయదినాన తీరవలసిందే కదా!

అరఫాత్ నుంచి బయలుదేరినప్పుడు వెనుక కేకలు, ఒంటెలను కొట్టే చప్పుడు విని, దైవప్రవక్త (స) జనాన్ని నెమ్మదిగా నడవమన్నారు, పరుగులో పుణ్యం లేదన్నారు (బుఖారీ). నమాజుకు సైతం పరుగెత్తి రావద్దన్నారు (బుఖారీ, ముస్లిం). నమాజుకే తగని తొందర పాటగాణ్ణి చూడడానికి తగునా?

జనం కిక్కిరిస్తే పుణ్యస్థలంలోనైనా ప్రమాదమే. 2015లో మినాలో వందలాది హాజీలు మరణించారు. కనుక ఈ మాట కుర్రవాళ్ళకే కాదు, పండుగ నాడు ఈద్‌గాహ్ గేటు దగ్గర తోసుకునే మనకూ వర్తిస్తుంది.

సోదరులారా! గుంపులోకి వెళ్ళగానే బయటకు వచ్చే దారి చూసుకోండి. భుజాలు రాసుకునేంత ఇరుకైతే వేదిక మీద ఎవరున్నా సరే, పక్కకు వచ్చేయండి. చిక్కుకుపోతే చేతులు ఛాతీ ముందు ఉంచి ఊపిరికి చోటు చేసుకోండి. పడినవాణ్ణి లేపండి. స్తంభాలు, బారికేడ్లు ఎక్కకండి. రద్దీని సాకుగా తీసుకుని స్త్రీల మీద చెయ్యి వేయడం సరదా కాదు, ఘోరపాపం. సభ జరిపేవారికి వచ్చిన ప్రతి ప్రాణమూ అమానతు. చోటుకు మించి టిక్కెట్లు అమ్మడం, తెరవవలసిన గేట్లు మూసి ఉంచడం ఆ అమానతుకు ద్రోహం.

మన చేతి వల్ల ఎవరి ఊపిరీ ఆగకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.