వివేకము లేని నిషేధము

సత్యమును కప్పియుండు ఉపాధిని నిరాకరించినంత మాత్రమున సత్యము మిగులునా, లేక ఉపాధి స్వరూపమును చక్కగా నెఱిగినవానికే ఆ నిరాకరణము ఫలించునా అను ప్రశ్న వేదాంతవిచారమున ప్రాచీనమైనది. హెచ్‌టీఎంఎల్ పుటనుండి ట్యాగులను తొలగించి శుద్ధపాఠమును గ్రహింపఁబూనిన ప్రోగ్రామరుకు ఆ ప్రశ్నయే నేడు మఱియొక రూపమున ఎదురగుచున్నది.

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయమున రూపొందించిన హెచ్‌టీఎంఎల్ భాషలో ట్యాగు రెండు కోణచిహ్నముల నడుమ నుండును. కావున పెర్ల్‌లో గాని పైథాన్‌లో గాని, మొదటి చిహ్నమునుండి రెండవదాని వఱకు నున్నదెల్ల తుడిచివేయు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను ఒక్క పంక్తిలో వ్రాసికొని తృప్తినొందుట సులభము. కాని బొమ్మకు జతచేసిన వర్ణనలో ‘కంటె ఎక్కువ’ అను గణితచిహ్న మున్నచో, ట్యాగు అక్కడనే ముగిసినదని భ్రమించి, మిగిలిన తునకను ఆ సూత్రము పాఠమున విడిచిపెట్టును. స్క్రిప్టు ట్యాగు పోయినను దాని లోపలి ప్రోగ్రాము పాఠముతో కలిసి నిలిచియే యుండును. పదికి వర్గమును సూచించుటకై పైకెత్తి వ్రాసిన రెండు, ట్యాగు తొలగినంతనే క్రిందికి దిగి, నూఱు కావలసిన విలువను నూటరెండు గావించును. అక్షరమొక్కటియు పోలేదు, అర్థము మాత్రము పోయినది. ఆవరణమని మనము త్రోసిపుచ్చినదే అర్థమును మోయుచుండెను.

బృహదారణ్యకోపనిషత్తు సైతము ‘ఇది కాదు, ఇది కాదు’ అని నిషేధించు నేతివాక్యమును ఆరంభముననే చెప్పలేదు. బ్రహ్మమునకు మూర్తామూర్తములను రెండు రూపములను ముందు వివరించి, ఆ పిదపనే నిషేధమునకు దిగినది. ముంజగడ్డినుండి లోని యీనెను తీయునట్లు, ఆత్మను దేహమునుండి ధైర్యముతో వేఱుచేయవలెనని కఠోపనిషత్తు బోధించుచున్నది. ఈ క్రమమున నిషేధము విచారమునకు ఫలమే గాని, దానికి బదులు కాదు.

పైథాన్‌తో కూడ వచ్చు హెచ్‌టీఎంఎల్ పార్సరు చేయునదియు ఈ విచారమే. అది పుటను ఆద్యంతము చదివి, ఇది ట్యాగు ఆరంభము, ఇది అంతము, ఇది వ్యాఖ్య, ఇది పాఠము అని వేర్వేఱుగా నివేదించును. స్క్రిప్టు గర్భమును విడుచుట, పేరాల నడుమ ఎడము నిలుపుట, ఘాతాంకమునకు గుర్తు చేర్చుట అను నిర్ణయములు మాత్రము మనవే. కోణచిహ్నములకు మాఱుగా వ్రాసిన ఎంటిటీలను ట్యాగులు గుర్తించిన తరువాతనే విప్పవలెను. ముందే విప్పినచో రచయిత వ్రాసిన మాటలే ట్యాగులై నశించును.

కావున, త్యాగమును వివేకమునకు ముందుంచకుఁడు. దేనిని విడుచుచున్నాడో ఎఱుగనివాడు, దేనిని నిలుపుకొనెనో కూడ ఎఱుగఁడు.