నాలుగు పిడికిళ్ల అటుకులు

కుచేలుడు ద్వారకకు మోసుకెళ్లిన అటుకుల మూట మనందరికీ తెలుసు. ఆ అటుకులు ఎక్కడివో మాత్రం పట్టించుకోం. ఇంట్లో గింజ లేకపోతే భార్యే వెళ్లి నాలుగు పిడికిళ్లు అడిగి తెచ్చి, పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చిందని భాగవతం. ఇచ్చినవాళ్ల పేర్లు అందులో లేవు. శ్రీకృష్ణుడు చనువుగా మూట లాక్కుని నోట్లో వేసుకున్నది మాత్రం వాళ్ల అటుకులే.

దూరాన ఉన్న సైనికుడికి పంపే పొట్లం కూడా అలాంటిదే. పంపేవాళ్లకు తినేవాడి ముఖం తెలియదు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొద్ది నెలలకే, పదిహేడేళ్ల బ్రిటిష్ రాకుమారి మేరీ పేరున ఒక నిధి వెలిసింది. జనం ఇచ్చిన చందాలతో సైనికులకు క్రిస్మస్ కానుకగా చిన్న ఇత్తడి పెట్టెలు పంపారు. మామూలుగా అందులో పొగాకు, సిగరెట్లు, ఒక శుభాకాంక్షల కార్డు ఉండేవి. పొగతాగనివారికి రాత సామగ్రి ఇచ్చారు. అప్పటికే లాహోర్, మీరట్ డివిజన్ల మనవాళ్లు మార్సెయ్ రేవులో దిగి, ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో చలికి వణుకుతున్నారు. వాళ్లకేం పంపాలి? సిక్కులు పొగాకు ముట్టరు కదా! అందుకని వాళ్ల పెట్టెలో కలకండ, మసాలా దినుసుల డబ్బా పెట్టారు. గూర్ఖాలకు బ్రిటిష్ సైనికులకిచ్చిన కానుకే ఇచ్చారు. తక్కిన భారతీయులకు సిగరెట్లు, కలకండ, దినుసులు దక్కాయి.

పరాయి పాలకుల యుద్ధానికి మనవాళ్లను తోలుకెళ్లినవారిని పొగడాల్సిన పని లేదు. ఆ కానుకల్లోనూ పంక్తిభేదం ఉంది. నీళ్లు మోసే భిస్తీలకు, వాళ్లతోపాటు లెక్కగట్టిన పనివాళ్లకు ఇత్తడి పెట్టె లేదు. దినుసుల డబ్బా, కార్డు ఇచ్చి సరిపెట్టారు. గుండ్ల మధ్య నీళ్లు మోసిన వాడికి తక్కువ కానుక! అయినా ఆ జాబితా రాస్తూ, ఈ మనిషి ఏం తింటాడు, ఏం ముట్టడు అని ఒక్క క్షణం ఆగి ఆలోచించినవారికి దానం అంటే ఏమిటో కొంత తెలుసు. గాయపడిన మనవాళ్లకు ఆసుపత్రిగా మార్చిన, ఇంగ్లండ్‌లోని బ్రైటన్ రాజభవనంలోనూ అంతే. ఆచారాలకు తగ్గట్టు తొమ్మిది వంటశాలలు నడిపారు, హిందువులకూ ముస్లింలకూ వేరువేరు నీళ్ల కొళాయిలు పెట్టారు.

శ్రద్ధతో ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, తెలిసి ఇవ్వాలి అంటుంది తైత్తిరీయోపనిషత్తు. ఇచ్చేటప్పుడు సిగ్గెందుకు? నేను ఇచ్చేది అవతలివాడి అవసరానికి ఏ మూలకూ చాలదని ఎరిగినందుకు. యుద్ధభూమిలో ఉన్నవాడి విషయంలో ఆ సిగ్గు రెట్టింపు కావాలి. వాడు పణంగా పెట్టింది ప్రాణం, మనం పంపేది సున్నుండలు. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షపెల్ స్మారకం మీద, సమాధి కూడా దక్కని భారతీయుల పేర్లు 4,700కు పైగా ఉన్నాయి. దండలు వేసి ఫొటోలు దిగి పంపే పెట్టెల్లో వస్తువులుంటాయి గానీ ఈ సిగ్గు ఉండదు.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరు రెండు ప్రపంచ యుద్ధాలకూ బిడ్డల్ని పంపింది. ఇప్పటికీ మన జవాన్లు సరిహద్దుల్లోనే కాదు, ఐక్యరాజ్యసమితి తరఫున దక్షిణ సూడాన్ లాంటి చోట్లా పనిచేస్తున్నారు. మీ వీధిలోనూ అలాంటి బిడ్డను పంపిన తల్లి ఉండవచ్చు. ఈ పండక్కి అరిసెలు వండేముందు ఆమెను అడగండి: వాడికేం ఇష్టం, ఏం సరిపడదు, ఆ చలికో ఎండకో ఏది నిలుస్తుంది అని. వాడొక్కడే తినడు, పక్క మంచాలవాళ్లూ తింటారు, నాలుగు ఎక్కువే పెట్టండి. ఒక ఉత్తరం కూడా రాయండి. చిరునామా మీరు ఊహించి రాయకండి, ఆ ఇంటివాళ్లనే అడిగి నంబరు, హోదా, పేరు, యూనిట్, ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) 56 అయితే 56, 99 అయితే 99, వాళ్లు చెప్పినట్టే రాయండి. ఊరి పేరు అక్కర్లేదు.