కొట్టు కట్టేసే వేళ



ఈ వారం నాలుగు మాటలు ప్రత్యేకించి కొట్టు నడుపుకొనే కుటుంబాలతో చెప్పుకోవాలని ఉంది. కిరాణా కొట్టు కావచ్చు, టీ బంకు కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న గది కావచ్చు, ఇంటి వరండాలో అమ్మగారు నడిపే ఫ్యాన్సీ షాపు కావచ్చు. మన విచారణల్లో ఇటువంటి కుటుంబం లేని వీధి ఉండదు. ఉద్యోగస్థుడికి పైన ఒక అధికారి ఉంటాడు, సెలవు అడగడానికి ఒక మనిషి ఉంటాడు. కొట్టు యజమానికి పై అధికారి తానే. అయితే తనకు తాను సెలవు ఇచ్చుకోవడంలో అంతటి పిసినారి అధికారి మరొకడు కనిపించడు!

ఒక కిరాణా కొట్టు రోజును లెక్క వేసి చూద్దాం. తెల్లవారుజామున అయిదున్నరకు పాల ప్యాకెట్లు దిగుతాయి. అప్పుడే బోణీ. బడికి వెళ్ళే పిల్లలు పెన్నులకు, బిస్కెట్లకు వస్తారు. పది దాటాక సరుకు సర్దడం, హోల్‌సేలు కొట్టుకు ఫోను చేయడం, కంపెనీల మనుషులు వస్తే మాట్లాడి పంపడం. మధ్యాహ్నం ఎండలో బేరం లేకపోయినా, వచ్చే ఆ ఒక్కరి కోసం కూర్చునే ఉండాలి. సాయంత్రం నుండి రాత్రి పది వరకు ఊపిరి సలపదు. షట్టరు దించాక గల్లాపెట్టె లెక్క, అప్పుల ఖాతా, నెలాఖరైతే జీఎస్టీ కాగితాలు. ఇవన్నీ అయి పక్క మీద వాలాక ఫోను మోగుతుంది: ‘అన్నా, రేపు పొద్దున్నే రెండు కేజీల మినపగుళ్ళు పక్కన పెట్టు.’ స్నానానికి, తిండికి రెండున్నర గంటలు తీసేసినా రోజుకు పద్నాలుగు గంటలు. వారంలో ఏడు రోజులూ ఇంతే గనుక 98 గంటలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనాన్ని వెలువరించాయి. వారానికి 35 నుండి 40 గంటలు పనిచేసే వారితో పోలిస్తే, 55 గంటలు, అంతకు మించి పనిచేసే వారికి పక్షవాతం వచ్చే ముప్పు సుమారు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. 55 గంటలకే ఈ మాట. మన లెక్క 98 దగ్గర ఉంది. బతికుంటే బలుసాకు తినవచ్చునని పెద్దలు అన్నారు. మనం మాత్రం గల్లాపెట్టె నిండితే చాలు, బతుకు సంగతి తరువాత చూసుకుందామంటున్నాం.

ఆరోగ్యం సంగతి డాక్టరుగారు నాకంటే బాగా చెబుతారు. బి.పి. మాత్ర వేసుకోవడం మరిచిపోయే కొట్టు యజమానులను వారు రోజూ చూస్తూనే ఉంటారు. నాకు దిగులు కలిగించేది మరొకటి ఉంది. ఆదివారం పొద్దున తండ్రి సరుకు కోసం పట్నం వెళితే కొట్లో ఎవరు కూర్చుంటారు? ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు. ఆ గంటలోనే గుడిలో పూజ, ఆ తరువాత సత్యోపదేశం తరగతి. ఒక వారం తప్పుతుంది, రెండో వారం తప్పుతుంది, ఆ పైన అదే అలవాటవుతుంది. పూజకు తల్లి ఒక్కతే వస్తుంది, ఆమె కూడా ప్రసంగం మధ్యలో గడియారం చూసుకుంటూ ఉంటుంది. నలుగురున్న ఇంట్లో నలుగురూ కలిసి ఒక్క పూట అన్నం తిన్నది ఎప్పుడని అడిగితే, పోయిన క్రిస్మసు అనే ఇళ్ళు ఉన్నాయి. తండ్రి ఇంట్లోనే ఉంటాడు. కొట్టు ఇంటి ముందు గదే కదా! కాని పిల్లలు చూసేది ఆయన వీపునే.

సామాన్య కాలపు 25వ ఆదివారం నాడు మూడేళ్ళకొకసారి మనం వినే మొదటి పఠనం ఆమోసు ప్రవక్త గ్రంథం లోనిది. ఆయన తెకోవకు చెందిన పశువుల కాపరి. క్రీస్తు పూర్వం ఎనిమిదవ శతాబ్దంలో ఉత్తర రాజ్యపు వర్తకులను చూసి మండిపడ్డాడు. ఆ వర్తకులు విశ్రాంతి దినాన కొట్టు తెరవలేదు సుమా! చట్టప్రకారం మూసే ఉంచారు. అయితే లోపల కూర్చుని, ఈ రోజు ఎప్పుడు గడుస్తుందా, గింజలు ఎప్పుడు అమ్ముకుందామా, కొలత ఎంత తగ్గిద్దామా, తూకం ఎలా తిప్పుదామా అని లెక్కలు వేసుకున్నారు. షట్టరు దిగింది గాని మనసు దిగలేదు. విశ్రాంతికి, తూకానికి ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఆమోసు ఆ రెంటినీ ఒకే మాటలో కలిపాడు. ఆగడం చేతకాని మనసు, మోసం చేసే మనసు ఎక్కడో ఒకచోట కలుస్తాయని ఆ కాపరికి తెలుసు. అలసటతో కళ్ళు మూతలు పడుతున్న వేళ తూకంలో తేడా రావడం, అప్పు అడిగిన ముసలమ్మ మీద అనవసరంగా కేక వేయడం మీకూ అనుభవమే.

‘ఫాదర్‌గారూ, మీరు గుడిలో ఉండి చెబుతారు, వాయిదా కట్టేది మేము’ అని మీలో కొందరైనా అనుకుంటున్నారు. న్యాయమైన మాటే. కొట్టు తెరిచి ఉంచేది ఎప్పుడూ ఆశ మాత్రమే కాదు, ఎక్కువ ఇళ్ళలో అది భయం. రోజువారీ ఫైనాన్సు తీసుకున్నవాడికి ఆదివారమని వాయిదా ఆగదు. వీధి చివర సూపర్‌మార్కెట్టు వచ్చింది. ఫోనులో నొక్కితే పట్నాల్లో పది నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి వస్తున్నది. ఒక్క పూట మూస్తే పాత ఖాతాదారు పక్క కొట్టుకు అలవాటు పడతాడని గుండెలో గుబులు. ఈ భయాన్ని ఎగతాళి చేయడం తగదు. దేవుడు కూడా ఎగతాళి చేయలేదు. ఎడారిలో ఆకలితో సణిగిన ప్రజకు ఆయన ముందు అన్నం పెట్టాడు, ఆ తరువాతే విశ్రాంతి గురించి చెప్పాడు.

నిర్గమకాండం 16వ అధ్యాయాన్ని ఒకసారి కొట్లో కూర్చుని చదవండి. మన్నా ఏ రోజుకారోజు ఏరుకోవాలి. రేపటికని దాచినవారి కుండలో పురుగులు పట్టి కంపు కొట్టింది. ఆరో రోజు మాత్రం రెండింతలు దొరికింది, అది పాడవలేదు. అయినా ఏడో రోజు కొందరు కుండ పట్టుకుని బయలుదేరారు. వారికి ఏమీ దొరకలేదు. ఆ కొందరిలో మన పోలికలు కనిపించడం లేదా? పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న సామెత తెలిసీ పరుగెత్తేవారమే గదా మనం!

ఆ ఆరో రోజు రెండింతల సంగతిలో వ్యాపారికి పనికివచ్చే ఒక కిటుకు ఉంది. రోజు వాయిదా మూడు వందల రూపాయలనుకోండి. సోమవారం నుండి శనివారం వరకు రోజుకు యాభై రూపాయలు వేరే డబ్బాలో వేస్తే, ఆదివారపు వాయిదా శనివారం రాత్రికి సిద్ధంగా ఉంటుంది. రోజుకు యాభై కూడా మిగలని కొట్టయితే, ఆ ఇబ్బంది ఆదివారం తెరిచినందువల్ల తీరేది కాదు. ఆ అప్పు గురించి ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవలసిన వేళ వచ్చిందన్నమాట. చాలా ఇళ్ళలో ఎవరికి ఎంత బాకీ ఉన్నదో భార్యకు తెలియదు. ఆమెకు తెలిస్తే సగం బరువు దిగుతుంది.

ఖాతాదారు పోతాడన్న భయానికి నెహెమ్యా గ్రంథం చివరి అధ్యాయంలో మంచి జవాబు ఉంది. యెరూషలేములో విశ్రాంతి దినాన తూరు పట్టణపు వర్తకులు చేపలు, రకరకాల సరుకులు అమ్ముతుండేవారు. నెహెమ్యా నగర ద్వారాలు మూయించాడు. వర్తకులు ఊరుకున్నారా? ఒకటి రెండు వారాలు గోడ బయటే మకాం వేసి చూశారు. ఆయన గట్టిగా చెప్పాక రావడం మానేశారు. మన ఖాతాదారులూ అంతే. మొదటి రెండు మూడు ఆదివారాలు షట్టరు తడతారు, పక్క సందులోంచి పిలుస్తారు. నాలుగో వారానికి శనివారమే వచ్చి సరుకు కట్టించుకుంటారు. ఒక ఆదివారం మూసి, మరొక ఆదివారం తీసేవాడినే వాళ్ళు నమ్మరు.

మన ప్రభువు కూడా చేతిపని చేసుకునే కుటుంబంలోనే పెరిగారు. ఆ పనిని గౌరవించడానికే పన్నెండవ భక్తినాథ పోపుగారు 1955లో మే 1వ తేదీని శ్రమజీవి అయిన పునీత జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. అయితే విశ్రాంతి దినాన ప్రార్థనా మందిరానికి వెళ్ళడం యేసుకు వాడుక అని లూకాగారు రాశారు. అంటే నజరేతులోని ఆ వడ్రంగి కొట్టు వారానికొక రోజు మూతపడేది. ఆ రోజు వచ్చిన రైతు తన నాగలి కోసం మరునాడు రావలసిందే. తరువాత శిష్యులతో తిరిగే రోజుల్లోనూ, వచ్చిపోయే జనంతో భోంచేయడానికైనా తీరిక లేని పరిస్థితి వచ్చినప్పుడు, ఏకాంత స్థలానికి వెళ్ళి కాస్త విశ్రమించమని శిష్యులను పిలిచింది ఆయనే. గిరాకీ బాగా ఉన్న వేళలో ఆగమన్నాడని గమనించండి. బేరం లేనప్పుడు ఆగడం ఎవరికైనా వస్తుంది.

శ్రీసభ ఈ విషయంలో కఠినంగా ఉందని కొందరి అపోహ. 1983లో వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్రం ఆదివారం నాడు ఆరాధనకు, ప్రభువు దినపు ఆనందానికి, మనసుకూ శరీరానికీ కావలసిన విశ్రాంతికి అడ్డువచ్చే పనులను మానమంటుంది. అంతేగాని మందుల షాపు మూసి రోగిని చావనివ్వమని అనదు. పాలు, మందులు, ప్రయాణికులకు అన్నం వంటివి ఆపలేనివి ఉంటాయి. ఆదివారం ఏ విధంగానూ వీలుపడని వారికి శనివారం సాయంత్రపు పూజ ఉంది, దానితో ఆ విధి నెరవేరుతుంది. మీ విచారణలో ఆ పూజ లేకపోతే నలుగురు వ్యాపారులు కలిసి వెళ్ళి గురువుగారిని అడగండి. అడగకుండా మాకు తెలియదు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1998లో ప్రభువు దినం గురించి రాసిన లేఖలో, ఆదివారపు విశ్రాంతి వల్ల రోజువారీ చింతలు వాటికి తగిన స్థానంలోకి వస్తాయని బోధించారు. వారమంతా కొండలా కనిపించిన బాకీ, ఒక పూట ఆగి చూస్తే బాకీలాగానే కనిపిస్తుంది.

మీ కొట్లో పనిచేసే కుర్రాడి మాట కూడా చెప్పాలి. ద్వితీయోపదేశకాండం విశ్రాంతి ఆజ్ఞలో దాసదాసీలను చేర్చి, ఐగుప్తులో మీరూ బానిసలేనని గుర్తు చేసింది. నిన్నటిదాకా మరొకరి కొట్లో బస్తాలు మోసి, ఈనాడు సొంత కొట్టు పెట్టుకున్నవారు మనలో తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో సెలవు కోసం ఎలా ఎదురుచూశారో ఆ కుర్రాడి ముఖంలో చూడండి. వారానికొక సెలవు అతనికి మీరు చేసే దయ కూడా కాదు, దేశపు చట్టం అతనికి ఇచ్చిన హక్కు.

ఒక్కసారిగా రోజంతా మూయడం కుదరకపోతే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట తరువాత మూయండి. పూర్వం చాలా ఊళ్ళలో మధ్యాహ్నం రెండు గంటలు కొట్లు కట్టేసి యజమానులు కునుకు తీసేవారు, ఆ వాడుకలో బుద్ధి ఉంది. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఆర్డర్లకు మరునాడే జవాబని ఫోనులో ఒక మాట పెట్టండి. జపమాల వేళకు కొట్లోనే నిలబడి ఒక గురుతు చెప్పినా, పిల్లల పక్కన నిలబడి చెప్పండి. చెక్కబల్ల వెనుక బస్తాల మధ్య నిలబడి అన్నం తినడం మాత్రం ఈ వారమే మానండి.

ఇక కొట్టు లేని కుటుంబాలకు. పూజ అయిన వెంటనే సగం దించిన షట్టరు కింద వంగి చక్కెర అడిగేది మనమే. రాత్రి పదకొండుకు ఫోను చేసేదీ మనమే. క్రెమోనా పట్టణంలో బట్టల వ్యాపారం చేస్తూ బీదలకు పెట్టి, 1197 నవంబరు 13న పూజా సమయంలో గుడిలోనే కన్నుమూసిన హోమోబోనుస్ అనే గృహస్థుణ్ణి శ్రీసభ 1199లోనే పునీతుడిగా ప్రకటించింది. వర్తకులకు, దర్జీలకు ఆయన పాలకుడు. ఆ పండుగ నవంబరులో వస్తుంది. అప్పటికి మన దర్జీల దగ్గర క్రిస్మసు బట్టలు ఇంకా కుప్పపడవు. మనం డిసెంబరు రెండో వారంలో గాని గుడ్డ తీసుకుపోము. డిసెంబరు 24 రాత్రి మన పిల్లలు కొత్త బట్టలతో గుడిలో ఉంటారు, వాటికి కాజాలు కుట్టినవాడు మిషను మీద తల వాల్చి నిద్రపోతూ ఉంటాడు. ఈ ఏడాది ఆ పునీతుడి పండుగ నాటికే గుడ్డ, ఆది జాకెట్టు ఇచ్చేయండి. అర్ధరాత్రి పూజకు మీ పక్క బెంచీలో ఆయనకూ చోటు ఉంచండి.