ధైర్యము – విశ్వాసము

'ధైర్యము' అను మాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. పదిమందిని ఒంటరిగా ఎదిరించిన వానిని ధైర్యవంతుడందుము. కాని అది సాహసము కావచ్చును. సాహసమునకు ముందువెనుకలు చూడవలసిన పని లేదు, ధైర్యమునకు కలదు. ధీరుని భావమే ధైర్యము. 'ధీ' యనగా బుద్ధి. అమరకోశము ధీరశబ్దమును మనీషి, ప్రాజ్ఞుడు మున్నగు పండితనామముల నడుమ చేర్చినది. గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు సుఖదుఃఖములను సమముగా చూచువానిని ధీరుడనెను. కావున భయకారణము ఎదుట నిలిచినను బుద్ధి చలింపకుండుటయే ధైర్యము.

అయిన, ఆ బుద్ధియే చలించిన నాడు మన గతి యేమి? బిడ్డ రోగశయ్యపై నున్నపుడో, ఇంటి పెద్దదిక్కు కూలినపుడో గుండె జారని వారెవరు? "ఇన్నాళ్లు చేసిన పూజ యింతేనా? నాకు ధైర్యమైన నిలువలేదే!" అని కుమిలిపోవు భక్తులు ఎందరో కలరు.

వారు గజేంద్రుని తలచుకొనవలెను. వేయి సంవత్సరములు మొసలితో పోరాడిన ఆ గజరాజు, తన బలము ఉడిగినదనియు, ధైర్యము సడలినదనియు దాచక స్వామికే మొర పెట్టుకొన్నట్లు పోతనామాత్యుడు అష్టమస్కంధమున వర్ణించెను. "ముందు ధైర్యము తెచ్చుకొని పిమ్మట నన్ను పిలువుము" అని శ్రీహరి అనలేదు, ఉన్నపళముగా కదలివచ్చెను. గజేంద్రుని విడిచిపోయినది తన శక్తిపై గల ధైర్యము. విడువక నిలిచినది స్వామి కాచునను నిశ్చయము. శరణాగతికి పెద్దలు చెప్పిన అంగములలో కార్పణ్యమును, మహావిశ్వాసమును రెండును కలవు. "నా వలన కాదు" అనుట కార్పణ్యము. "ఆయన తప్పక రక్షించును" అనుట విశ్వాసము. మొదటిది రెండవదానికి శత్రువు కాదు, తోడు.

అశోకవనమున సీతమ్మవారి నిశ్చయమును గమనింపుడు. తన తపోబలముచే రావణుని భస్మము చేయగల తల్లి, రామాజ్ఞ లేదని ఊరకుండెను. వీపుపై కూర్చుండబెట్టుకొని కొనిపోదునని హనుమంతుడు వేడినను అంగీకరింపలేదు. శ్రీరాముడే వచ్చి రావణుని గెలిచి తన్ను కొనిపోవలెననెను. కన్నీరు ఆగలేదు, నిశ్చయమును మారలేదు. ఆమె ఏడ్చినదని ధైర్యము లేనిదని యెవరనగలరు?

మన తెలుగులో 'ధైర్యము చేయుట' యొకటి, 'ధైర్యము చెప్పుట' యొకటి కలవు. మొదటిది తనకు, రెండవది పరులకు. హనుమంతుడు సీతమ్మకు చెప్పిన ధైర్యమెట్టిది? తన బలమును ముందుగా చాటలేదు. మొదట రామకథను వినిపించెను. పిమ్మట అంగుళీయకమును చూపెను. స్వామి వచ్చునని నమ్మబలికెను. ధైర్యము చెప్పువారికి ఇదియే మార్గము. ఆపదలో నున్న పొరుగింటికి వెళ్లినపుడు "ఏడువకుము" అని గద్దించుట ధైర్యము చెప్పుట కాదు. చెంత కూర్చుండి, చేతనైన సాయము చేసి, భగవంతుడు విడువడని గుర్తు చేయుటయే ధైర్యము చెప్పుట.

కావున భక్తులారా! గుండె జారినదని సిగ్గుపడి స్వామికి దూరము కావలదు. ఆ జారిన గుండెతోనే ఆయన పాదములను పట్టుకొనుడు. మన పట్టు సడలినను, ఆయన పట్టు సడలదు.