రికార్డు వెనక బాకీ

2023 మే 14న లండన్ వెంబ్లీలో మహిళల ఎఫ్.ఏ. కప్ ఫైనల్. మాంచెస్టర్ యునైటెడ్‌పై చెల్సీ 1-0తో గెలిచింది. చూసినవాళ్లు 77,390 మంది. రికార్డన్నారు. ఆడవాళ్ల ఆటకి ఆదరణ 'పెరిగింది' అని సంబరపడ్డారు.

పెరిగిందా, తిరిగొచ్చిందా? 1920 క్రిస్మస్ సెలవుల్లో లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో ఫ్యాక్టరీ కార్మికురాళ్ల జట్టు డిక్ కెర్ లేడీస్ ఆట చూడ్డానికి దాదాపు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబరులో, ఫుట్‌బాల్ స్త్రీలకు తగదంటూ ఎఫ్.ఏ. తన క్లబ్బుల మైదానాలను వాళ్లకి మూసేసింది. ఆ తలుపులు తెరుచుకోవడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. మహిళల కప్ తొలి ఫైనల్ 1971లో గానీ జరగలేదు.

లాక్కున్నది తిరిగిచ్చినవాడు దాత అవుతాడా? పైగా ఇక్కడ లాక్కున్నది మైదానాన్నే కాదు, వయసుని. క్రీడాకారిణికి పరిగెత్తే కాలం పదిహేనేళ్లుంటే గొప్ప. ఆడకుండానే ముసలివాళ్లయిన ఆ తరాలకు నేటి వెంబ్లీ ఏం చెల్లించగలదు?

తీర్చలేని బాకీ విషయంలో మిగిలే నీతి ఒక్కటే: లెక్క నిజాయితీగా రాయడం. 77,390 పక్కన 1921 కూడా రాయాలి. లేకపోతే మన సంబరం నిషేధించినవాళ్లకే కృతజ్ఞతగా మారిపోతుంది.