సేవ చేసేవారి గోడు వినేదెవరు?

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే బంధుమిత్రులు పలకరించటానికి వస్తారు. పండ్లు తెస్తారు, దుఆ చేస్తారు, రోగి పరిస్థితి అడిగి తెలుసుకుంటారు. ఇది మంచి పనే. కాని రాత్రంతా మంచం పక్కన మేలుకొని, కీమోథెరపీ తర్వాతి వాంతులు శుభ్రం చేసి, తెల్లవారగానే పిల్లల్ని బడికి పంపే ఆ ఇల్లాలిని “నువ్వెలా ఉన్నావమ్మా?” అని అడిగేవారు ఎందరు? ఆమె కన్నీరు పెట్టుకుంటే మాత్రం “సబర్ చెయ్యి బేటీ, పుణ్యం వస్తుంది” అని చెప్పి లేచి వస్తాం.

అలసిపోయానని చెప్పుకోవటం సహనానికి విరుద్ధమా? కానే కాదని మా అభిప్రాయం. చిన్నారి కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) కన్నీరు కార్చారు. సహనమంటే బాధ లేకపోవటం కాదు, బాధలోనూ దారి తప్పకపోవటం.

రోగి సేవ ఎంత గొప్పదో బద్ర్ సందర్భం చెబుతుంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) జబ్బుపడిన తన భార్య రుఖయ్యా (రజి) కోసం మదీనాలోనే ఉండిపోయారు. అయినా బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యమూ, వాటా ఆయనకు లభిస్తాయని దైవప్రవక్త (స) చెప్పారు. అయితే అంత గొప్ప సేవలోనైనా తనను తాను పూర్తిగా మరచిపోవాలా? పగలంతా ఉపవాసంతో, రాత్రంతా నమాజుతో గడుపుతున్న హజ్రత్ అబూ దర్దా (రజి)కు, దేవునితో పాటు నీ ప్రాణానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కుందని హజ్రత్ సల్మాన్ (రజి) గుర్తుచేశారు. ఆ మాట నిజమేనని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. ఆరాధనకే ఈ హద్దు ఉంటే, సేవకు ఉండదా?

నేటి మానసిక వైద్యులు రోగులతో పాటు వారిని చూసుకునేవారికి కూడా కౌన్సెలింగ్ ఇస్తున్నారు. “నేను కాసేపు పడుకుంటే పాపం”, “ఆయనకేమైనా అయితే తప్పు నాదే” వంటి ఆలోచనలు ఎంతవరకు నిజమో పరిశీలించటం నేర్పుతారు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, లోలోపల దాచుకున్న భయాలను మాట్లాడిస్తారు.

మరి దీనివల్ల ప్రయోజనమెంత? 2019లో కాక్రేన్ సంస్థ 19 అధ్యయనాలను సమీక్షించింది. వాటిలో పాల్గొన్నవారు 3,700 మందికి పైనే. కౌన్సెలింగ్ ముగిసిన వెంటనే సేవ చేసేవారి జీవన స్థితి కొద్దిగా మెరుగుపడవచ్చని, ఏడాది తర్వాత ఆ తేడా దాదాపు కనిపించదని తేలింది. పైగా ఆ అధ్యయనాలన్నీ సంపన్న దేశాల్లో జరిగినవే.

దీన్నిబట్టి కౌన్సెలింగ్ వృథా అనుకోరాదు. నెత్తిమీద నీళ్ల బిందె ఉన్న మనిషికి ధైర్యం చెబితే నాలుగడుగులు ఎక్కువ నడుస్తుంది. కాని బిందె బరువు తగ్గదు. ఎవరో ఒకరు చెయ్యి వేయాలి. ఆ చెయ్యి మనదే కావాలి. వారానికి ఒక రాత్రి ఆసుపత్రిలో మనం ఉందాం. ఒక పూట వంట చేసి పంపుదాం. మందులకు, రిపోర్టులకు క్యూలో మనం నిలబడదాం. సేవ అంతా కోడలి పని అనుకునే కొడుకులు తల్లి మంచం దగ్గర కూర్చోవటం నేర్చుకోవాలి.

సేవ చేసే అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు ఒక మాట. నిద్ర పట్టకపోవటం, దేనిమీదా ఆసక్తి లేకపోవటం, బతుకు మీద విరక్తి కలగటం వంటివి రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. చనిపోవాలన్న తలంపు వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. జ్వరానికి మందు వేసుకోవటం ఈమాన్ లోపం కానప్పుడు, మనసు జబ్బుకు వైద్యం చేయించుకోవటం ఎలా లోపమవుతుంది?

ఈసారి రోగిని పరామర్శించి తిరిగి వచ్చేటప్పుడు, గుమ్మం దగ్గర నిలబడిన ఆ మనిషిని కూడా పలకరిద్దాం. అల్లాహ్ రోగులకు స్వస్థతను, వారికి సేవ చేసేవారికి శక్తిని, మనకు వారి బరువు పంచుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.