ముహూర్తము, ఆ తరువాతి నలభై రోజులు

బిడ్డ పుట్టిన సంగతి చెప్పడానికి మన తెలుగులో రెండు వాక్యములు వాడుకలో ఉన్నవి. మామూలు కాన్పు అయితే "ఆమె బిడ్డను కన్నది" అంటాము. సిజేరియన్ అయితే "ఆపరేషను చేసి బిడ్డను తీసినారు" అంటాము. మొదటి వాక్యములో తల్లి కర్త. రెండవ వాక్యములో ఆమె కనిపించనే కనిపించదు. సాయంకాలపు తరగతిలో కర్త, కర్మ, క్రియ నేర్చుకొన్న రోజులలో ఈ తేడా మా దృష్టికి రాలేదు. గత సంవత్సరము మా అమ్మాయి ఆసుపత్రి మంచము మీద కూర్చొని, "అమ్మా, వీడిని నేను కన్నానా, వాళ్లు తీసినారా?" అని అడిగిన రోజున వచ్చినది. ఆనాడు మా దగ్గర సమాధానము లేకపోయినది.

సమాధానము చెప్పే ముందు మేము చేసిన తప్పును చెప్పుకోవాలి. కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నాడు. పొట్ట పైనుంచి చేతులతో తిప్పే ప్రయత్నము చేసినారు, తిరగలేదు. ముప్పై తొమ్మిది వారములు నిండిన తరువాత ఆపరేషను చేస్తామని చెప్పి, డాక్టరు గారు ఒక మంగళవారము, ఒక గురువారము మా ముందు పెట్టినారు. మేము ఇంటికి వచ్చి ఆంధ్రలో ఉన్న ఒక సిద్ధాంతి గారికి ఫోను చేసినాము. ఆ రెండు రోజులూ ఆయనకు నచ్చలేదు. అంతకు పన్నెండు రోజుల ముందు మంచి నక్షత్రము ఉన్నదని, తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషములకు బిడ్డ బయటికి రావలెనని చెప్పినారు. అది అక్కడి సమయమో, ఇక్కడి సమయమో అడగడము మరచినాము. ఆంధ్రకు, డర్బనుకు మూడున్నర గంటల తేడా. పైగా మనము భూమధ్యరేఖకు దక్షిణమున ఉన్నాము. ఇక్కడ లగ్నములు ఉదయించే వేళలు వేరు, వాటి నిడివి వేరు. అక్కడ అచ్చయిన పంచాంగములోని లగ్నము ఇక్కడ ఆ గడియకు ఉండదు. ఈ లెక్కలన్నీ మాకు తరువాత తట్టినవి. ఆ రోజు మాత్రము కాగితము మీద వ్రాసుకొని డాక్టరు గారి దగ్గరకు వెళ్లినాము.

ఆమె కోపగించుకోలేదు. నొప్పులు వచ్చే క్రమములో బిడ్డ ఊపిరితిత్తులలోని నీరు తగ్గి, శ్వాసకు సిద్ధమవుతాయని చెప్పినారు. నొప్పులు రాకముందే తీసే బిడ్డకు ఆ సహాయము ఉండదు. అందుచేత అటువంటి బిడ్డకు కడుపులో ఉండే ప్రతి వారమూ విలువైనదే. ముప్పై తొమ్మిది వారములకు ముందు తీస్తే పుట్టిన వెంటనే ఆయాసపడే అవకాశము ఎక్కువ. తల్లికి గాని, బిడ్డకు గాని ప్రమాదము ఉంటే ముందుగానే చేయవలసి ఉంటుంది. నక్షత్రము కోసము చేయరు. "పన్నెండు రోజులే కదా" అని మేము అన్నాము. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. దారిలో కారులో మా అమ్మాయిని కూడా ఒప్పించబోయినాము. ఆమె కిటికీ వైపు చూస్తూ, "వాడి ఊపిరి కంటే వాడి జాతకము ముఖ్యమా నాన్నా?" అన్నది. ఇల్లు చేరేదాకా ఎవ్వరమూ మాట్లాడలేదు.

జాతకమును నమ్మేవారి వైపు నుంచే ఈ విషయమును ఆలోచించి చూద్దాము. పుట్టే గడియ పూర్వకర్మను అనుసరించి వస్తుందని మన పెద్దలు చెప్పినారు. అట్లయితే ఆ గడియను మనము ఎన్నుకోవడము ఎట్లా? ఎన్నుకోగలిగినది కర్మఫలము కాదు. కాదు, మనము ఎన్నుకోవడము కూడా ఆ కర్మలో భాగమే అంటారా, అప్పుడు డాక్టరు గారు ఇచ్చిన మంగళవారము కూడా ఆ కర్మలో భాగమే. ఎటు తిప్పినా బిడ్డ ఊపిరిని పణముగా పెట్టే హక్కు మనకు రాదు. నిజమునకు మేము వెదికినది బిడ్డ భాగ్యము కాదు, మా భయమునకు మందు. వైద్యము రెండు రోజులను సమానముగా క్షేమమని చెప్పినప్పుడు వాటిలో మంచి తిథి ఉన్న రోజును కోరుకోవడములో తప్పు లేదు. చివరకు మేము చేసినదీ అదే: గురువారము పెట్టించినాము.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. 2019–21లో భారతదేశములో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పులలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్ కాన్పులలో నూటికి 42.4 సిజేరియన్లు అని తేలినది. నూటికి పది నుంచి పదిహేను మించవలసిన అవసరము లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పినది. మన దక్షిణాఫ్రికాలోని ప్రైవేటు ఆసుపత్రులలో కూడా సగానికి మించిన కాన్పులు ఈ విధముగానే జరుగుచున్నవి. ఈ లెక్కలు చూపి ఏ తల్లినీ నిలదీయరాదు. ఎదురుకాళ్ల బిడ్డను మోస్తున్న ఆమెకు నూటికి ఎంత అన్న లెక్కతో పని లేదు.

మా అసలు తప్పు ముహూర్తము కాదు. ఆ ఒక్క గడియను గురించి నెల రోజులు ఆలోచించినాము, ఆ తరువాతి నలభై రోజులను గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

సిజేరియన్ అంటే ఏమిటో మనలో చాలామందికి తెలియదు. చర్మము, దాని కింద కొవ్వు, కండరములపై గట్టి పొర, కడుపు లోపలి పొర, ఆ తరువాత గర్భసంచి: ఇవన్నీ కోయవలసినవే. పొట్ట కండరములను మాత్రము కోయక పక్కలకు జరుపుతారు. నడుములో ఇంజెక్షను ఇస్తారు గనుక తల్లి మెలకువగానే ఉంటుంది. నొప్పి తెలియదు గాని, లోపల లాగుచున్నట్లు తెలుస్తుంది. ఇటువంటి శస్త్రచికిత్స మోకాలికి జరిగితే ఆ మనిషిని మనము నెల రోజులు కుర్చీలోనుంచి లేవనివ్వము. బాలింతకు మాత్రము ఆ రాత్రే చేతికి బిడ్డను ఇచ్చి, రెండు గంటలకు ఒకసారి లెమ్మంటాము.

మా అమ్మాయి నాలుగవ రోజు ఇంటికి వచ్చినది. ఐదవ రోజు మధ్యాహ్నము ఇరవై మంది బంధువులు చూడవచ్చినారు. వాళ్లను రమ్మన్నది మేమే. ఆమె లేచి టీ పెట్టినది. మేము బిడ్డను అందరికీ చూపిస్తూ కూర్చున్నాము. వచ్చిన వారిలో ఒక పెద్దావిడ, "నొప్పులు పడకుండా బిడ్డ చేతికి వచ్చినాడు, అదృష్టవంతురాలివి తల్లీ" అని దీవించినారు. ఆమె మంచి మనసుతోనే అన్నారు. మా అమ్మాయి కుట్ల మీద చెయ్యి పెట్టుకొని నవ్వినది. తొమ్మిదవ రోజున జ్వరము వచ్చినది, కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టినది. మళ్లీ ఆసుపత్రి, రెండు రోజులు సెలైను, మందులు. టీ పెట్టినందువలన వచ్చినదని ఎవ్వరూ అనలేదు. మేమూ అనడము లేదు. అయినా ఆ రెండు రోజులు మా ఇంటిలో టీ త్రాగబుద్ధి కాలేదు.

తొమ్మిదవ రోజు అనగానే మాకు ఇంకొక తొమ్మిదవ రోజు జ్ఞాపకము వచ్చినది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వచ్చి డర్బనులో ఆగినది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు ఈ తీరములో దిగినారు. వారిలో మా ముత్తవ్వ ఒకరు. స్త్రీల కూలి పురుషుల కూలిలో సగము. స్టాంగరు దగ్గరి చెరకు తోటలో, కూలి లైన్లలో ఆమె తొలి కాన్పు జరిగినది. తొమ్మిదవ రోజున బిడ్డను గోనె మీద పడుకోబెట్టి చెరకు గట్టున పనికి దిగినదని మా అవ్వ చెప్పేది. మన ఊళ్లలో తొలి కాన్పుకు పుట్టింటికి పంపడము, పదకొండవ రోజున పురిటి స్నానము చేయించి గది నుంచి బయటికి తేవడము ఆచారము. ముత్తవ్వకు పుట్టిల్లు సముద్రమునకు ఆవల ఉన్నది. పురుడు అన్న మాట ఆమెతో ఓడలో వచ్చినది గాని, పురుటి గది రాలేదు.

పురుడు ఆచారములో మైల ఉన్నది. ముట్టరాదు, వేరు కంచము, వేరు చాప. మా తరము చదువుకొని దానిని అవమానమని త్రోసివేసినది. త్రోసివేయడము న్యాయమే. అయితే ఆ మైల నెపముతో బాలింతకు దొరికిన విశ్రాంతి కూడా దానితోనే వెళ్లిపోయినది. ఎవ్వరూ ఆమె చేతి వంట తినరాదు అన్నప్పుడు ఆమె వంట చేయవలసిన పని లేదు. కారణము తప్పు, ఫలము మంచిది. తప్పు కారణమును తీసివేసి ఫలమును నిలుపుకోవడము మా పని, అది మేము చేయలేదు. ఈ దేశపు 1997 నాటి ఉద్యోగ చట్టము ప్రకారము, డాక్టరో మంత్రసానో ఒప్పుకుంటే తప్ప కాన్పు అయిన ఆరు వారముల లోపల స్త్రీ పనికి వెళ్లరాదు. ముత్తవ్వకు తోట ఇవ్వని ఆరు వారములను ఆమె వంశములోని బిడ్డకు చట్టము ఇచ్చినది. ఇంటిలో మేము ఐదు రోజులే ఇచ్చినాము.

జ్వరము తగ్గి ఇంటికి వచ్చిన తరువాత మాత్రము కొంత బుద్ధి తెచ్చుకున్నాము. పాత ఆచారములలో కొన్నింటిని ఉంచి, కొన్నింటిని వదిలినాము. బాలింతకు మంచినీళ్లు తక్కువ ఇవ్వవలెనన్న పథ్యమును మొదట వదిలినాము. నొప్పి మాత్రలు వేసుకునేవారికి మలబద్ధకము వస్తుంది, ముక్కితే కుట్లకు బాధ. పాలిచ్చే తల్లికి దాహము మామూలు కంటే ఎక్కువ. అందువలన నీళ్లు, పప్పుచారు, ఆకుకూర, పండ్లు. శొంఠి, పిప్పళ్లు, బెల్లము, నెయ్యితో చేసే కాయమును డాక్టరు గారిని అడిగి గోలీ అంత ఇచ్చినాము. అది మందుగా ఏమి చేసినదో గాని, అవ్వ చేతి వాసన ఇంటికి తెచ్చినది. నడికట్టు బిగించలేదు. పొట్ట మీద కాగే నీళ్లు పోయలేదు. దగ్గు వచ్చినప్పుడు కుట్ల మీద దిండు అదుముకొనడము, మంచము దిగేటప్పుడు పక్కకు తిరిగి చేతి మీద లేవడము నర్సు నేర్పినది. బిడ్డ కంటే బరువైనది ఏదీ ఆరు వారముల వరకు ఎత్తనివ్వలేదు. పడుకొనే ఉండనివ్వలేదు కూడా. కాళ్లలో రక్తము గడ్డకట్టకుండా ఉండాలంటే ఇంటిలో నెమ్మదిగా నడవాలి. పిక్క ఒకటి వాచి నొప్పి పెట్టినా, ఊపిరి ఆడకపోయినా, ముట్టు మరీ ఎక్కువగా పోయినా, దుర్వాసన వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవలెను. మొదటిసారి జ్వరమును "పాలు పడుతున్న జ్వరము" అని మేము ఒక పూట ఆలస్యము చేసినాము. ఎవ్వరూ అట్లా చేయవద్దు.

ఆపరేషనుకు ముందు తాళి తీయవలెనని చెప్పినప్పుడు మా వియ్యపురాలు కంటతడి పెట్టినారు. విద్యుత్ పరికరముతో రక్తము ఆపుతారు గనుక ఒంటి మీద బంగారము ఉండరాదు. పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి వేసుకోవచ్చునా అని అడిగితే వారు సరేనన్నారు. అడిగితే దొరికే మార్గము అది. అడగకుండానే రెండు ఇళ్లవారమూ రెండు రోజులు దిగులుపడినాము.

ఇక మా అమ్మాయి ప్రశ్న. గర్భిణి మరణించి కడుపులో బిడ్డ కదలుచున్నట్లయితే వెంటనే కోసి బిడ్డను తీయవలెనని సుశ్రుత సంహిత చెప్పుచున్నది. ఆ కాలమునకు "తీసినారు" అన్న మాట సరిపోతుంది. కనడానికి తల్లి అక్కడ లేదు. 1826లో మన కేప్‌టౌనులోనే జేమ్స్ బారీ అనే సైనిక వైద్యుడు, మత్తుమందు ఇంకా లేని రోజులలో, ఈ శస్త్రచికిత్స చేసి తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ నిలిపినాడు. (ఆ వైద్యుడు పుట్టుకతో స్త్రీ అని మరణించిన తరువాత తెలిసినది.) ఆ బల్ల మీద తల్లి సజీవముగా, మెలకువగా ఉన్నది. ఆమెను వాక్యములోనుంచి తీసివేయడము అన్యాయము.

నొప్పి పడితేనే కన్నట్లు అనుకుంటే, నొప్పి తగ్గించడానికే జీవితము ధారపోసిన మన మంత్రసానులు తప్పు చేసినట్లు అవుతుంది. నొప్పి కాన్పు వెంట వచ్చేదే గాని కాన్పు కాదు. మా అమ్మాయి తన దేహమును కోయడానికి తెలిసి ఒప్పుకొని, సంతకము పెట్టి, ఆ గదిలోనికి తన కాళ్లతో నడచి వెళ్లినది. ఎవరి కోసము వెళ్లినదో ఆమెకు తెలుసు. తెలుగులో "కను" అంటే బిడ్డను కనడము, చూడడము కూడా. తెర కిందికి దించి బిడ్డను పైకి ఎత్తినప్పుడు వాడిని మొదట చూసినది ఆమే. ఈ మాట ఆమెతో చెప్పడానికి మాకు మూడు వారములు పట్టినది. విని, "అయితే కన్నానన్నమాట" అన్నది, మళ్లీ బిడ్డకు పాలివ్వడములో పడినది.

మా తమ్ముడి కూతురికి వచ్చే నెల ఆపరేషను తేదీ ఇచ్చినారు. సిద్ధాంతి గారి ఫోను నంబరు కావలెనని మరదలు అడిగినది, ఇచ్చినాము. దానితోబాటు ఆ ఇంటికి నలభై రోజుల వంట వంతుల పట్టిక ఒకటి వ్రాయడము మొదలుపెట్టినాము. గుడిలో వంటశాల గోడకు అంటించినాము. రెండవ వారములో మంగళవారము, శుక్రవారము ఇంకా ఖాళీగా ఉన్నవి.